డోరో లోయకు ఇద్దరమే

పోర్చుగల్‌లో డోరో అని ఒక నది ఉంది. నది పక్కనే ఒక రైలు పోతుంది. పోర్టో అనే ఊళ్లో ఎక్కాలి, ఎక్కగానే కుడి చేతి వైపు కిటికీ పట్టుకోవాలి. ఎడమ వైపు కూర్చున్నవాళ్లకు కొండ గోడ తప్ప పెద్దగా ఏమీ కనపడదు. పిన్యావ్ అనే చిన్న స్టేషన్లో దిగితే గోడల మీద నీలం పలకల్లో ద్రాక్ష కోతల బొమ్మలుంటాయి. అవి చూసుకుని, సీసాలో మంచినీళ్లు నింపుకుని, మెట్లు మెట్లుగా చెక్కిన కొండ మీద ద్రాక్షతోటల మధ్య నడుచుకుంటూ పోవాలి. పైకెక్కాక వెనక్కి తిరిగి చూస్తే కింద నది మెలిక తిరిగి ఉంటుంది. సాయంత్రానికి ఇంకో చిన్న స్టేషన్ దగ్గర కిందికి దిగి మళ్లీ అదే రైలెక్కాలి.

చూసొచ్చినదానిలా చెప్తున్నాను కదా. నేను చూడలేదు. నేను దాటిన నదుల్లో పెద్దది గంగ, అదీ కాశీ రైల్లో, నిద్రలో.

మాకు వరంగల్ చౌరస్తా దగ్గర చీరల షాపు ఉంది. మా మామగారు పెట్టింది. గల్లా దగ్గర మా ఆయన కూర్చుంటాడు. పట్టుచీరలు చూపించేది మా మరిది. జాకెట్ బట్టలు, లైనింగులు, ఫాల్స్ ఉండే మ్యాచింగ్ కౌంటర్ నాది. షాపు మీద రెండంతస్తుల్లో మా రెండు కుటుంబాలు ఉంటాయి, వంట మాత్రం ఒకటే. మ్యాచింగ్ కౌంటర్ పని ఏమిటంటే, లోకంలో లేని రంగు కోసం ఆడవాళ్లు వెతుకుతుంటే ఓపిగ్గా చూస్తూ కూర్చోవడం. ఒకామె ప్రతి గుడ్డనూ గుమ్మం దాకా పట్టుకెళ్లి ఎండలో చూసి వస్తుంటుంది. ఆ రాకపోకల మధ్య నేను ఫోన్ చూసుకునేదాన్ని. డోరో రైలు నాకు దొరికింది అక్కడే.

ఆ వీడియోలో కొండలు బాగానే ఉన్నాయి, నది కూడా బాగానే ఉంది. నన్ను పట్టుకున్నవి అవి కాదు. రైలు ఆ చిన్న స్టేషన్లో ఆగినప్పుడు ఒక ముసలాయన, ఒక ముసలామె దిగారు. వాళ్లను దింపడానికి ఎవరూ రాలేదు, తీసుకెళ్లడానికీ ఎవరూ రాలేదు. ఆయన ఆమె భుజం మీది సంచి తీసుకుని తన భుజానికి వేసుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ తోటల్లోకి నడిచిపోయారు. అంతే. దానికే నేను ఆ ముక్క మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. గుమ్మం దగ్గర్నుంచి వచ్చినామె "ఇది కూడా కలుస్తలేదు" అన్నా నాకు వినపడలేదు.

మేమిద్దరం కలిసి ఎక్కడికీ పోలేదని కాదు. చాలా ఊళ్లు పోయాం. పెళ్లైన కొత్తలో ఊటీ కూడా పోయాం. మేం అంటే మా అత్తగారు, మామగారు, ఆడపడుచు, మా ఆయన మేనత్త, ఆమె మనవరాలు, వంటమనిషి, వంటమనిషి తమ్ముడు. గులాబీ తోటలో దిగిన ఫోటోలో నేను మా ఆయన పక్కన లేను, మేనత్త పక్కన ఉన్నాను. ఆ తర్వాత తిరుపతి, కాశీ, షిర్డీ, రామేశ్వరం, అన్నీ ఇదే వరస. రైల్లో ఆడవాళ్లమంతా ఒకవైపు, మగవాళ్లంతా పేకముక్కలతో ఇంకోవైపు. దేశమంతా తిరిగాను గానీ నా మొగుడితో తిరగలేదు. నాకు డోరో కావాలనిపించింది అందుకు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇద్దరమే.

మా ఆయనకు చెప్పాను. ఆయన వీడియో అంతా శ్రద్ధగా చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఆడ మనోళ్ల సత్రం ఉన్నదా?"

కాశీలో ఉంది, శ్రీశైలంలో ఉంది, అరుణాచలంలో ఉంది. పోర్చుగల్‌లో మన వైశ్యులు ఇంకా సత్రం కట్టలేదని చెప్పాను. రెండో ప్రశ్న ఎప్పుడు పోవాలని. ద్రాక్ష కోతలు సెప్టెంబర్లో, అప్పుడే బాగుంటుందన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"సెప్టెంబర్లనా? బతుకమ్మ చీరల సీజన్ పెట్టుకుని ద్రాక్షలు ఏరుతమా?"

చీరల షాపుకు సీజన్ లేని రోజు ఉంటుందా? ఆషాఢం డిస్కౌంటు, శ్రావణం పెళ్లిళ్లు, బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తీకంలో మళ్లీ పెళ్లిళ్లు, ఎండాకాలంలో మళ్లీ పెళ్లిళ్లు. మనుషులు బట్ట కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచీ మాకు సెలవు లేదు. కానీ ఆ ఏడు దేవుడు నా వైపు ఉన్నాడు. నడివేసవిలో మూఢం వచ్చింది. పెళ్లి ముహూర్తాలు ఒక్కటీ లేవు. ఊళ్లో బట్టల షాపులవాళ్లంతా ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే పంచాంగం చూసి నవ్వుకున్నాను. కోతలు లేకపోతే పోయాయి, తీగలైనా పచ్చగా ఉంటాయి కదా.

మూడో ప్రశ్న ఆయన చాలా మెల్లగా, అటూ ఇటూ చూసి అడిగాడు. "అవి వైన్ తోటలు కదనే?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఉల్లిపాయే ఏకాదశి నాడు గడప దాటి పోతుంది. ఇక వైన్ అంటే వరంగల్‌లో మాకు తెలిసింది బస్టాండు దగ్గరి వైన్స్ దుకాణం, దాని ముందు పల్లీల బండి, బండిని పట్టుకుని ఊగుతున్న ఒక మనిషి. అలాంటి మనుషులు కొండంతా వరసగా నిలబడి ఊగుతున్నట్టు మా ఆయన కళ్లకు కనపడి ఉంటుంది. మనం తాగనవసరం లేదు, తోటలో నడిస్తే చాలు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు.

"ఎవలన్న అడిగితే కిస్మిస్ తోటలందాం."

"ఎవరు అడుగుతారు? ఎవరికీ చెప్పకపోతే ఎందుకడుగుతారు?" అన్నాను. అసలు నా షరతు అదొక్కటే. చెప్పొద్దు. చెబితే వస్తామంటారు. వస్తామంటే రావద్దని ఈయన అనలేడు. అది ఈయన తప్పు కూడా కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ షాపు గుమ్మంలో "రాండ్రి రాండ్రి, లోపలికి రాండ్రి" అని పిలిచిన నోరు. దానికి "రావద్దు" అనే మాట తిరగదు. అప్పుల కోసం వచ్చినవాణ్ని, చందాల కోసం వచ్చినవాణ్ని కూడా ఈయన రాండ్రి అనే అంటాడు. పైగా కడుపులో మాట ఆగదు. అందుకని గల్లా పెట్టె మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను. మాకు అంతకంటే పెద్ద ప్రమాణం లేదు.

ఒట్టు నిలిచింది. కొన్నాళ్లు నిలిచింది. పాస్‌పోర్టులు అదివరకే ఉన్నాయి, నేపాల్‌కు యాత్ర పోయినప్పుడు అవసరం లేకపోయినా ఎవరో చెబితే అప్పట్లో ఇల్లంతా తీయించుకున్నాం. నేను మ్యాచింగ్ కౌంటర్లో కూర్చుని రైలు వేళలు చూసుకునేదాన్ని. ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడవొచ్చో, దారిలో నీళ్లెక్కడ దొరుకుతాయో, అన్నానికి పనికొచ్చే బియ్యం అమ్ముతారో లేదో అన్నీ చదివాను. ఒకరోజు ఇద్దరం హనుమకొండ పోయి బూట్లు కొన్నాం. జీవితంలో మొదటిసారి నా కాలికి లేసులు కట్టుకున్నాను. కొట్టువాడు "ఎన్ని రోజుల సంది షుగర్ అమ్మా?" అని అడిగినప్పుడే నాకు జరగబోయేది అర్థం కావాల్సింది.

కొండలెక్కాలంటే ముందు నడక అలవాటు కావాలి కదా. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాం. నలుగురూ నడిచే చోటే అది. కానీ చౌరస్తాలో షాపున్నవాడు, ఇంటి నుంచి గల్లా దాకా మెట్లు దిగడం తప్ప నడక ఎరగనివాడు, భార్యను వెంటబెట్టుకుని కొత్త బూట్లతో ఎక్కడికీ పోకుండా ఊరికే నడుస్తున్నాడంటే మా బజారు దానికి ఒకే అర్థం తీసింది. గుండె. లేకపోతే షుగర్. రెండూ ఉండొచ్చని కొందరు.

పరామర్శలు మొదలయ్యాయి. మొదట పక్క షాపు ఆయన అరటిపండ్లు తెచ్చాడు. తర్వాత కొబ్బరిబొండాలు వచ్చాయి. ఎవరో కాకరకాయ రసం సీసాలో పోసి పంపారు. షాపుకు వచ్చిన ఆడవాళ్లు మా ఆయన ముఖంలోకి చూసి నిట్టూర్చి, బేరం ఆడకుండా చీర కొనుక్కుపోయారు. ఆ ఒక్క సంగతి మాత్రం ఆయనకు నచ్చింది. చివరికి కరీంనగర్ నుంచి మా ఆడపడుచు, ఆమె భర్త కారేసుకుని వచ్చేశారు. ఆమె గుమ్మంలోనే ఏడుపు అందుకుంది.

"అన్నా, గింత దాపెడ్తవా మా దగ్గర? ఏ దవాఖానల చూపిస్తాన్నవ్?"

మా ఆయన చెల్లెలి కన్నీళ్లు చూడలేడు. గల్లా పెట్టె మీద ఒట్టు ఆ కన్నీళ్లలో కొట్టుకుపోయింది.

"అయ్యో పిచ్చిదానా, నాకేం కాలే. పానం బరాబర్ ఉన్నది. మేం పోర్చుగల్ పోతాన్నం, గందుకే నడుస్తాన్నం!"

నేను వంటింట్లో టీ కాస్తున్నాను. పొంగిపోయింది. వెనకనే మా ఆడపడుచు గొంతు, ఏడుపు తడి ఇంకా ఆరకుండానే, "గట్లనా! మరి మాకు చెప్పకపోతివి. మేం గూడ వస్తం" అంది. ఆ వెంటనే మా ఆయన గొంతు. "రాండ్రి రాండ్రి."

ఆడపడుచు భర్త సామాన్యుడు కాదు. ఆయన వంటమనిషితో యాత్రలు నడుపుతాడు. గ్యాస్ స్టవ్వు, పచ్చళ్ల డబ్బాలు, గిన్నెలు, పప్పులు, అన్నీ బస్సు కింద పెట్టుకుని బదరీనాథ్ దాకా జనాన్ని తీసుకెళ్లి, రోజూ పప్పు, సాంబారు, వేడన్నం పెట్టి తీసుకొస్తాడు. విదేశాలకు ఇంకా బ్యాచ్ వేయలేదని ఆయనకు చాలా రోజులుగా వెలితి ఉంది. టీ తాగి కప్పు కింద పెట్టేలోపే ఆ వెలితి తీరిపోయింది.

"బావా, నువ్వు ఫికర్ జెయ్యకు. నేను చూసుకుంట" అన్నాడు మా ఆయనతో.

ఆయన చూసుకోవడం నేను చూస్తూ ఉండిపోయాను. మా మరిది, తోడికోడలు ఆ సాయంత్రమే చేరారు. తర్వాత హనుమకొండలో ఇద్దరు, ముగ్గురు, జనగామ నుంచి ఒక కుటుంబం. తోడికోడలు అడిగింది, "అక్కా, ఆడ అన్ని ద్రాక్షలు ఏం చేసుకుంటరు?" అని. మా ఆయన తడుముకోకుండా "కిస్మిస్" అన్నాడు. ఆమె తృప్తిపడి, వచ్చేటప్పుడు పాయసంలోకి తెచ్చుకుందామంది.

ముందు పోయింది నడక. జనగామ వాళ్ల పెద్దమ్మకు మోకాళ్లు అరిగాయి, కాబట్టి అందరూ బస్సే. ఆ వెనకే రైలు పోయింది. గ్యాస్ స్టవ్వుతో రైలెక్కనివ్వరు, కాబట్టి అక్కడా బస్సే. అంత దూరం పోయి పారిస్ చూడకపోతే నలుగురిలో నవ్వుతారని పారిస్ కలిసింది. పారిస్ చూసి మంచుకొండలు చూడకపోతే ఎట్లా అని స్విట్జర్లాండ్ కలిసింది. స్విట్జర్లాండ్‌కు పక్కనే రోమ్. ఇవన్నీ కలిసేసరికి రోజులు చాలక పోర్చుగల్‌కు ఒక పూట మిగిలింది. ఆ పూట గురించి ఆడపడుచు భర్త ఒకరోజు నాకు ఓపిగ్గా వివరించాడు.

"చెల్లెమ్మా, నేను మ్యాప్‌ల చూసిన. ఆడ చూసేటందుకు ఏం లేదు. గుట్టలు, చెట్లు. గుట్టలు మనకు లేవా?"

అట్లా పోర్చుగల్ ఒక్కటి తప్ప యూరప్ అంతా చూసే టూరు తయారైంది. దాని కరపత్రం మా షాపు గాజుతలుపు మీదే అంటించారు. నేను పెళ్లికూతురి చీరకు జాకెట్ చింపుతూ దాన్ని గాజు లోపలి నుంచి తిరగేసి చదువుకునేదాన్ని.

అయినా పోదామనే అనుకున్నాను. పారిస్‌లోనైనా ఒక గంట చూసుకుని ఎటైనా పోవచ్చు కదా, ఇద్దరమే. ఆ ఆశ కూడా షట్టర్ దగ్గర ఆగిపోయింది. మా షాపు షట్టర్ పొద్దున లేపేది ఇంటి మనిషి చెయ్యే అయి ఉండాలి. పనివాళ్లు ఎంత నమ్మకస్థులైనా సరే, లక్ష్మిని లోపలికి పిలిచే పని పరాయి చేతికి ఇవ్వకూడదని మా మామగారు పెట్టిన నియమం. పట్టపగలు ఆ షట్టర్ దిగి ఉందంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. మామగారు పోయినప్పుడు దించారు, అత్తగారు పోయినప్పుడు దించారు, మళ్లీ దించలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఊరు దాటడమన్నది మా ఇంట్లో లేదు. మేం పోతే మరిది షాపు చూసుకుంటాడన్నది నా మొదటి ఏర్పాటు. ఇప్పుడు మరిదే పోతానంటున్నాడు.

"పోనియ్యే. చిన్నోడు, ఆశపడ్తాండు" అన్నాడు మా ఆయన.

చిన్నోడికి యాభై దాటాయి. బట్టతల. ఆ చిన్నోడి ఆశ కోసం నా సీటు, ఈయన సీటు వదులుకున్నాడు. వదులుకుని, ఏదో మంచిపని చేసినవాడిలా అన్నంలో పెరుగు వేసుకున్నాడు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఈ మనిషి నాతో ఒంటరిగా రెండు రోజులు గడపడానికి భయపడుతున్నాడేమో, తప్పించుకునే సాకు దొరికిందని లోలోపల సంతోషిస్తున్నాడేమో అనిపించింది. అడగలేదు. అవునంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మ్యాచింగ్ కౌంటర్ కింద వంగి లైనింగు తాన్లు సర్దుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను. బయటికొచ్చి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనకు ఆ సంగతి తెలియడానికే చాలా రోజులు పట్టింది.

జూన్ మొదట్లో బ్యాచ్ బయల్దేరింది. గ్యాస్ స్టవ్వు మాత్రం చివరి నిమిషంలో రానివ్వలేదు, కరెంటు పొయ్యితో సరిపెట్టుకున్నారు. కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం, కారు మలుపు తిరిగేదాకా చేతులూపాం. తిరిగి ఇంట్లోకి వచ్చాక నాకు ఒక విచిత్రమైన విషయం తట్టింది. రెండంతస్తుల ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

ఏం చేశామంటారు? టీవీ పెట్టుకున్నాం. మొదటి రోజు భోజనాల దగ్గర ఆయన "పప్పు బాగున్నది" అన్నాడు, నేను "ఊఁ" అన్నాను. రెండో రోజు పప్పు గురించి కూడా ఏమీ అనలేదు. మధ్యలో ఎవరో ఒకరు లేకపోతే మాకు మాటలు రావని తెలిసింది. ఇన్నేళ్లూ నేను అందరి మీద విసుక్కున్నాను గానీ, వాళ్లు మాకు అడ్డమో, ఆసరానో నాకే తెలియలేదు. డోరో పోయి ఉంటే అక్కడ కొండల మధ్య కూడా ఇట్లాగే మాట్లాడకుండా నడిచేవాళ్లమేమో. ఆ ముసలాయన, ముసలామె అంతసేపు ఏం మాట్లాడుకున్నారో అనుకుంటూ పడుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున ఆయన స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఎప్పటిలాగే షట్టర్ తాళాలు తీసుకుని కిందికి దిగాడు. రెండు నిమిషాలకు మళ్లీ పైకొచ్చాడు. తాళాలు మేకుకు తగిలించి, మంచం కింది నుంచి నా బూట్ల డబ్బా బయటికి లాగాడు.

"ఏసుకో. పుష్‌పుల్ టైమైతాంది."

"షాపు?"

"పోరగాళ్లకు సెలవిచ్చిన. మంగళారం, పైగ మూఢం. ఎవడొస్తడు?"

నవ్వులాట కాదు, మామగారి ఫోటో గోడ మీంచి చూస్తోంది. "షట్టర్ దించి ఉంటే జనం ఏమనుకుంటారండీ?" అన్నాను. "అనుకోనియ్" అన్నాడు, నా సీసాలో మంచినీళ్లు నింపుతూ.

పుష్‌పుల్ రైల్లో నన్ను కుడి చేతి వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. అటు నది లేదు. పట్టాల పక్కన తుమ్మచెట్లు, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు. ఎడమ వైపూ అంతే. అయినా కుడి వైపే కూర్చోవాలని, నేనెప్పుడో చెప్పిన మాట, ఆయన గుర్తు పెట్టుకున్నాడు. నెక్కొండలో దిగాం. మమ్మల్ని దింపడానికి ఎవరూ రాలేదు, తీసుకెళ్లడానికీ ఎవరూ రాలేదు. స్టేషన్ గోడ మీద నీలం పలకలకు బదులు బోరుబావులు వేసేవాడి ప్రకటన నీలం రంగులో రాసి ఉంది. దాని ముందు ఇద్దరం ఒక ఫోటో తీసుకున్నాం. తీసేవాళ్లు లేరు కాబట్టి నా సగం ముఖం, ఆయన చెవి వచ్చాయి. ఊటీ ఫోటో కంటే ఎంతో నయం.

ఊరు దాటి, తర్వాతి చిన్న స్టేషన్ వైపు చేల గట్ల మీదుగా నడక. రెండు వానలు పడి ఉన్నాయి. దున్నిన చేలల్లో ఆడవాళ్లు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. బూట్లకు ఎర్రమట్టి పట్టి ఒక్కో కాలు ఒక్కో వీశెడు బరువైంది. ఒకచోట వైర్లు లాగి కాకర పందిరి వేసి ఉంది. తీగలు, ఆకులు, మధ్యలో నీడ. దూరం నుంచి అచ్చం నా ద్రాక్షతోటే. దగ్గరికి పోయాక కాకరకాయలు. దాని కింద నిలబడి కాసేపు ఇద్దరం గట్టిగా నవ్వాం. పందిరి రైతు మా బూట్లూ టోపీలూ చూసి గబగబా వచ్చాడు.

"ప్లాట్లు చేస్తరా సారు? ఎకరం ఏం రేటు పెడ్తాండ్రు?"

"భూమికి రాలే అన్నా. ఊర్కెనే నడుస్తాన్నం" అన్నాడు మా ఆయన.

రైతు నమ్మలేదు. "ఊర్కెనే ఎవలు నడుస్తరు సారు" అని, కాసేపు మా వెంట వచ్చి, మేం రేటు చెప్పేలా లేమని తేలాక ఆగిపోయాడు.

మా ఆయన ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తాడు. పెళ్లిలో ఏడడుగులప్పుడు తప్ప నేనాయన పక్కన నడిచిన గుర్తు లేదు. ఆ రోజూ ముందే పోయాడు. కాస్త దూరం పోయి ఆగి, వెనక్కి వచ్చి, నా భుజం మీది సంచి తీసుకున్నాడు. వీడియోలో చూసి నేర్చుకున్నాడేమో అడుగుదామనుకుని అడగలేదు. ఆ తర్వాత పక్కనే నడిచాడు. చాలాసేపటికి, చేను వైపు చూస్తూ అన్నాడు.

"నాకు భయమైంది తెల్సా. అంత దూరం పోయి నీతోని ఏం మాట్లాడాలె? షాపుల అంటే గిరాకీ ఉంటది. ఇంట్ల అంటే అందరుంటరు. నువ్వు బోర్ కొట్టి, ఈయనతోని ఎందుకొచ్చిన్నో అనుకుంటవని భయమైంది."

నేను కౌంటర్ కింద వంగి ఏడ్చింది దీని గురించే. సగం నిజమే అనుకున్నాను కదా, భయపడుతున్నాడని. భయం ఎవరి గురించో మాత్రం తప్పుగా అనుకున్నాను. "నాకూ అదే భయం" అన్నాను. చెప్పాక ఇద్దరికీ మాటలొచ్చాయి. ఏం మాటలంటే పెద్ద మాటలేం కావు. ఊటీలో మేనత్త గురక, కాశీలో తప్పిపోయిన చెప్పులు, మరిది బట్టతల. మాట్లాడుతూ మాట్లాడుతూ దారి తప్పి ఒక కాలువలో దిగాం.

చిన్న స్టేషన్ చేరేసరికి ఎండ ముదిరింది. సిమెంటు బల్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. మొదట పక్క షాపు ఆయన, "అన్నా, షట్టర్ దించి ఉన్నది, ఎవలు పోయిన్రు?" అని. తర్వాత ఎదురు షాపు. తర్వాత సూరత్ నుంచి చీరలు పంపే వ్యాపారి, హిందీలో, వణుకుతున్న గొంతుతో. మా ఆయన తీయడం మానేశాడు. ఆఖరికి మోగింది మరిది ఫోన్. అక్కడ అప్పుడే తెల్లారి ఉంటుంది. స్పీకర్‌లో వంటమనిషి ఉప్మా తాలింపు చప్పుడు కూడా వినిపించింది.

"అన్నా! షట్టర్ మూసి ఉన్నదట! ఏమైంది? ఎవలకేమైంది?"

మా ఆయన నా వైపు చూశాడు. ఇక చెప్పేస్తాడనుకున్నాను. నెక్కొండ అంటాడు. నడుస్తున్నాం అంటాడు. వచ్చే మంగళవారానికి ఒక బస్సు, ఒక వంటమనిషి, జనగామ పెద్దమ్మ మోకాళ్లు, కాకర పందిరి కింద ముప్ఫై విస్తర్లు. ఇంత తొందరగా నాకు నా కొత్త ప్రపంచం మునిగిపోతూ కనపడింది.

"మీ వదినెకు జర పానం బాగలేదురా" అన్నాడు మా ఆయన. "దవాఖానకు తీసుకొచ్చిన."

అవతల గగ్గోలు. ఆడపడుచు ఏడుపు. ఆమె భర్త గొంతు, "బావా, ఫికర్ జెయ్యకు, టికెట్లు మార్పిచ్చుకుని అందరం వచ్చేస్తాన్నం!"

"వద్దు" అన్నాడు మా ఆయన.

ఆ మాట ఆ నోట్లోంచి వచ్చేటప్పుడు ఎంత కష్టపడిందో నేను పక్కనుండి చూశాను. మెడ నరాలు లేచాయి. చేతిలో పులిహోర ముద్ద అట్లాగే ఉంది.

"ఎవ్వరు రావద్దు. మేం ఇద్దరం ఉన్నం గదా" అని, ఫోన్ పెట్టేసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

జబ్బుకు నేనే దొరికానా అని దెబ్బలాడదామనుకున్నాను. పులిహోర డబ్బా ఆయన వైపు జరిపాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే పులిహోరలో మిరపకాయ తగిలిందేమోనని ఆయన సీసా అందించాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మరిది ఫోన్ చేసి చెప్పాడట, పక్క షాపు ఆయన భార్య యాపిల్స్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. మా ఆయన ఆమెను మాటల్లో పెడితే, ఆ సందులో నేను పైకి పోయి, మట్టి బూట్లు మంచం కిందికి తన్ని, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కాళ్లు నిజంగానే పుండ్లయ్యాయి, మూలగడానికి నటించాల్సిన పని లేకపోయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఎంత ధైర్యంగా నవ్వుతున్నావమ్మా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టర్ ఏమన్నాడని అడిగింది.

"నడిపియ్యమన్నడు" అన్నాడు మా ఆయన, యాపిల్ కోస్తూ. "ప్రతి మంగళారం."